సిరిసిల్ల మనిషి లోవెల్ మిల్లులో: బూట్ కాటన్ మిల్స్ మ్యూజియం ఎలా ఉంది?

బోస్టన్ చుట్టుపక్కల ఉండే మన పిల్లలు, ఊరి నుంచి అమ్మానాన్నలు రాగానే ఎక్కడెక్కడికి తిప్పుతారో ఇప్పటికి అందరికీ తెలిసిందే. హార్వర్డ్‌లో ఆ విగ్రహం కాలు ముట్టుకుని ఒక ఫొటో, యాష్‌లాండ్‌లో లక్ష్మీదేవి గుడి, ఒక ఔట్‌లెట్ మాల్, ఆకులు రంగు మారే కాలమైతే న్యూ హ్యాంప్‌షైర్ కొండలు. ఈ వరసలో పాత బట్టల మిల్లుల ఊరు లోవెల్, అక్కడి బూట్ కాటన్ మిల్స్ మ్యూజియం పేరు వినపడదు. వినపడాలనే ఇది రాస్తున్నాను. ముఖ్యంగా సిరిసిల్ల, పోచంపల్లి, గద్వాల, చీరాల, మంగళగిరి, వెంకటగిరి వైపు వాళ్ళు, ఇంట్లో ఒక్కరైనా మగ్గం మీద బతికినవాళ్ళు, అమెరికా వచ్చి ఇది చూడకుండా వెళ్ళొద్దు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీకు తెలియదు. మాది సిరిసిల్ల. మా బాపు ముందు మహారాష్ట్రలోని భివండిలో, ఆ తర్వాత మా ఊళ్ళోనే ఒక ఆసామి షెడ్డులో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. బడి నుంచి రాగానే దారం కండెలు చుట్టడం నా పని. తర్వాత టీచరునయ్యాను, రిటైరయ్యాను. మా బిడ్డ ఉండేది నాషువాలో. లోవెల్ అక్కడికి దగ్గరే, కారెక్కితే అరగంట. బోస్టన్ నార్త్ స్టేషన్ నుంచి రైలు కూడా ఉంది, ముప్పావుగంట పైచిలుకు పడుతుంది.

ఊరి కథ కాస్త తెలుసుకుని వెళ్తే లోపల చూసేది బాగా ఎక్కుతుంది. ఫ్రాన్సిస్ క్యాబట్ లోవెల్ అని బోస్టన్‌లో ఒక వ్యాపారి. చైనా నుంచి పట్టు, టీ, మన దేశం నుంచి నేత బట్ట తెప్పించి అమ్మేవాడు. 1810లో కుటుంబంతో ఇంగ్లండ్ వెళ్ళి, రెండేళ్ళు ఉండి, అక్కడి మిల్లుల్లో మరమగ్గాలను తిరిగి తిరిగి చూశాడు. మిషన్ల నక్షాలు దేశం దాటించడానికి వీల్లేదు కాబట్టి చూసిందంతా బుర్రలో పెట్టుకుని వచ్చాడు. పాల్ మూడీ అనే మెకానిక్కుతో కలిసి 1814కల్లా వాల్తమ్‌లో మగ్గం నడిపించాడు. దూది బేలు ఒక వైపు నుంచి లోపలికి పోతే బట్ట తానై ఇంకో వైపు నుంచి వచ్చేలా, వడకడం నుంచి నేయడం దాకా అన్నీ ఒకే కప్పు కింద పెట్టారు. 1817లో ఆయన పోయాడు. ఆయన భాగస్తులు మెరిమాక్ నది మీద 32 అడుగుల కిందికి నీళ్ళు దూకే చోటు చూసుకుని, కాలువలు తవ్వించి, మిల్లులు కట్టి, ఆ ఊరికి ఆయన పేరు పెట్టారు. 1826లో రెండున్నర వేల మంది ఉన్న ఊరు 1850కి సుమారు 33,000 అయింది.

బూట్ మిల్లు 1835లో మొదలైంది. 1950ల మధ్యలో మూతపడింది. 1978లో అమెరికా ప్రభుత్వం ఈ మిల్లులు, కాలువలు ఉన్న ప్రాంతాన్ని జాతీయ చారిత్రక పార్కుగా ప్రకటించింది. 1992లో బూట్ మిల్లులో ఒక భాగం మ్యూజియం అయింది. మిగతా ఎర్ర ఇటుక భవనాల్లో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు. మధ్యలో వాకిలి, ఒక గంట గోపురం, పక్కనే కాలువ. వాకిట్లో నిలబడి పైకి చూస్తే ఆ కిటికీల వరసలు ఎక్కడ ఆగుతాయో తెలియదు. మా షెడ్డుకు ఉన్నది ఒకటే కిటికీ, దానికీ గోనెసంచి కట్టి ఉండేది.

ఇక అసలు సంగతి, కింది అంతస్తులోని మగ్గాల గది. మీకు టైము లేకపోతే మిగతావన్నీ వదిలేసి ఇదొక్కటే చూడండి. గుమ్మం దగ్గరే చెవుల్లో పెట్టుకోవడానికి దూది ముక్కల్లాంటివి ఇస్తారు. మా అల్లుడు తను పెట్టుకుని, నాకూ అందించాడు. "అత్తమ్మా, పెట్టుకోండి, చెవులు దెబ్బతింటాయి" అన్నాడు. నాకు అక్కర్లేదన్నాను. మీరు మాత్రం పెట్టుకోండి. నా చెవులు పదేళ్ళ వయసులోనే దెబ్బతిన్నాయి, ఇంక కొత్తగా పోయేదేమీ లేదు.

గదిలో 88 మగ్గాలు వరసలుగా బిగించి ఉన్నాయి. అన్నీ డ్రేపర్ కంపెనీవి, ఇదే మసాచుసెట్స్ రాష్ట్రంలో హోప్‌డేల్ అనే ఊళ్ళో తయారైనవి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వాడిన రకం. పైన కప్పు కింద పొడుగాటి ఇనుప కడ్డీ, దానికి చక్రాలు, ఒక్కో చక్రం నుంచి ఒక్కో మగ్గానికి తోలు పట్టా. కడ్డీ తిరిగితే పట్టాలన్నీ తిరుగుతాయి. అన్ని మగ్గాలనూ ఒకేసారి నడపరు, కొన్నిటినే నడుపుతారు. ఆ కొన్నిటికే పక్క మనిషి మాట వినపడదు. చెక్క నేల అదురు అరికాళ్ళ నుంచి మోకాళ్ళ దాకా ఎక్కుతుంది. మా బిడ్డ ఏదో అడుగుతోంది, పెదాలు కదలడం కనిపిస్తోంది. నేను చేత్తోనే జవాబు చెప్పాను. మా ఇంట్లో బాపు ఎప్పుడూ గట్టిగానే మాట్లాడేవాడు, కోపం లేకపోయినా. చుట్టాలు భయపడేవాళ్ళు. షెడ్డులో పనిచేసేవాళ్ళ ఇళ్ళన్నిటిలోనూ ఇదే సంగతి.

మగ్గం పని తెలియనివాళ్ళకు రెండు మాటల్లో చెప్తాను, అక్కడ ఆ చప్పుడులో ఎవరూ చెప్పలేరు కాబట్టి. పొడుగు దారాలు పడుగు, అవి వెనక భీము అనే దుంగకు చుట్టి ఉంటాయి. పోగులను పట్టుకుని ఉండే అల్లులు సగం పోగులను పైకి, సగం కిందికి లాగితే మధ్యలో దారి ఏర్పడుతుంది. ఆ దారిలో నాడె, పడవలాంటి కొయ్య ముక్క, ఒక వైపు నుంచి ఇంకో వైపు దూసుకుపోతుంది. దాని కడుపులో ఉన్న కండె నుంచి అడ్డంగా పేక దారం విడుస్తూ పోతుంది. వెంటనే దువ్వెనలాంటి పన్నె వచ్చి ఆ దారాన్ని బట్ట వైపు కొడుతుంది. మళ్ళీ పోగులు తారుమారు, మళ్ళీ నాడె. నిమిషానికి వంద సార్లకు పైనే. అంత వేగంతో వచ్చే కొయ్య నాడెను ఆపడం, మళ్ళీ వెనక్కి కొట్టడం, అదే ఆ చప్పుడు. నాడె ఎప్పుడైనా దారి తప్పి ఎగిరితే మనిషి కన్ను పోతుంది. ఇక్కడ చూసేవాళ్ళను మగ్గాలకు దూరంగా అడ్డుకంచె వెనకే నిలబెట్టడం మంచి పని.

ఇక్కడి దాకా మా సాంచాలకూ దీనికీ పెద్ద తేడా లేదు. తేడా ఎక్కడంటే, మగ్గం పక్కన ఒక గుండ్రటి చట్రం ఉంది, దానికి చుట్టూతా కండెలు గుచ్చి ఉన్నాయి, జాతరలో రంగులరాట్నానికి పిల్లలు కూర్చున్నట్టు. నాడెలో దారం అయిపోవచ్చే సంగతి మగ్గమే కనిపెడుతుంది. కనిపెట్టగానే ఒక సుత్తిలాంటిది పైనుంచి కొత్త కండెను నాడెలోకి దించుతుంది, ఖాళీది కిందికి రాలిపోతుంది. మగ్గం ఆగదు. నేను ఒక మగ్గం ముందు నిలబడి ఆ ఒక్క క్షణం కోసమే చూశాను. అంత వేగంగా జరిగితే కళ్ళకు అందదు. ఇంకోసారి చూశాను, ఇంకోసారి. మా బిడ్డ చెయ్యి పట్టుకుని లాగేదాకా కదల్లేదు. మా దగ్గర దారం అయిపోతే బాపు సాంచా ఆపాలి, నాడె తీయాలి, కండె మార్చాలి, మళ్ళీ నడపాలి. ఒక్కో సాంచాకు రోజంతా ఇదే. ఆపిన ప్రతిసారీ మీటర్లు తగ్గుతాయి, మీటర్లు తగ్గితే కూలి తగ్గుతుంది. ఈ రకం మగ్గాన్ని నార్త్రప్ అనే ఆయన తయారుచేస్తే, డ్రేపర్ వాళ్ళు 1890ల మధ్యలోనే అమ్మకానికి పెట్టారు. మా బాపు కండెలు చేత్తో మార్చింది 1970ల్లో.

ఇంకో చిన్న సంగతి, గోడ మీద బొమ్మతో వివరించి ఉంది. పాతరకం నాడెలకు పక్కన ఒక కన్నం ఉండేది. కండె మార్చినప్పుడు నేతమనిషి ఆ కన్నానికి నోరు పెట్టి దారాన్ని బయటికి పీల్చాలి. ఒకే నాడెకు ఎందరో నోరు పెట్టడంతో క్షయ లాంటి రోగాలు పాకేవి, దూది దుమ్ము ఎలాగూ ఊపిరితిత్తుల్లోకి పోయేది. డ్రేపర్ నాడెలో దారం తనంతట తానే కన్నంలో పడుతుంది. బాపు నాడెకు నోరు పెట్టి చప్పున దారం పీల్చడం నాకు బాగా గుర్తు. అది ఆయనకు మాత్రమే వచ్చిన నేర్పని చిన్నప్పుడు గొప్పగా చెప్పుకునేదాన్ని.

మగ్గాల మధ్య తిరుగుతూ ఒకాయన కనిపించాడు. చేతిలో పానా, మోచేతుల దాకా నూనె మరకలు. మేం జాబర్ అనే మనిషి ప్రతి షెడ్డులోనూ ఉంటాడే, అదే మనిషి, తెల్లవాడు అంతే. ఒక మగ్గం చప్పుడు తేడాగా ఉందని తల ఒక వైపు వంచి వింటున్నాడు. ఆ మగ్గాలు తయారుచేసిన ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది, కాబట్టి వీటిని నడిపిస్తూ ఉండటం ఎంత కష్టమో షెడ్డు తెలిసినవాళ్ళకే అర్థమవుతుంది. గోడకు ఆనించి పెట్టిన యంత్రాన్ని దుమ్ము తుడిస్తే సరిపోతుంది. నడిచే యంత్రానికి రోజూ మనిషి కావాలి. ఈ మ్యూజియంలో నాకు ఎక్కువ నచ్చింది అదే, వాళ్ళు ఈ ఖర్చు పెట్టుకుంటున్నారు.

పై అంతస్తులో ప్రదర్శన. ఇక్కడ చదవడం ఎక్కువ, చూడటం తక్కువ. బేలు విప్పడం నుంచి ఏకడం, వడకడం, పడుగు చుట్టడం, గంజి పెట్టడం దాకా వరసగా ఉన్నాయి. వీడియోలు ఉన్నాయి, పాత కార్మికుల గొంతులు వినొచ్చు. పిల్లలకు కొన్ని చేత్తో తిప్పి చూసేవి ఉన్నాయి. ఇంగ్లీషు గబగబా చదవలేని అమ్మానాన్నలకు పక్కన ఒకరు నిలబడి చెప్పాలి, లేకపోతే బోరు కొడుతుంది. మా బిడ్డ చెప్పింది, నేను మధ్యమధ్యలో సరిచేశాను.

ఒక విషయం దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఈ మిల్లులు పుట్టకముందు అమెరికాలో మామూలు జనం కట్టుకున్న చవక నూలు బట్టలో చాలా భాగం మన దేశం నుంచి ఓడల్లో వచ్చిందే. లోవెల్ కూడా అమ్మిన బట్టే. తన మిల్లు నడవడం మొదలయ్యాక ఆయనే వాషింగ్టన్ వెళ్ళి, 1816 సుంకాల చట్టంలో నూలు బట్ట మీద గట్టి పన్ను పడేలా ప్రయత్నం చేశాడు. కిటుకు ఏమిటంటే, బట్ట అసలు ధర ఎంతైనా సరే, గజం కనీసం 25 సెంట్లు ఉన్నట్టు లెక్కేసి దాని మీద సుంకం కట్టాలి. ఖరీదైన ఇంగ్లండ్ బట్టకు అది పెద్ద తేడా కాదు. అగ్గువ ధరకు వచ్చే మన బట్టకు మాత్రం మెడకు ఉరి. మన చేనేతను ఇంగ్లండ్ మిల్లులు దెబ్బతీశాయని పిల్లలకు ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. అమెరికా తలుపు మూసిన సంగతి ఎప్పుడూ చెప్పలేదు, మా పుస్తకాల్లో అది లేదు.

దూది సంగతి కూడా ఉంది. ఆ దూదంతా అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో బానిసలు పండించింది. ఇక్కడ నేసిన ముతక బట్ట మళ్ళీ అక్కడికే పోయి ఆ బానిసల ఒంటి మీదికే చేరేది. ఆ ముతక బట్టను దక్షిణాదిలో 'లోవెల్' అనే పిలిచేవాళ్ళట. కొరడా దొరలు, మగ్గం దొరలు కలిసిపోయారని 1848లో బానిసత్వాన్ని వ్యతిరేకించిన చార్ల్స్ సమ్నర్ ఇదే రాష్ట్రంలో తిట్టాడు. మ్యూజియం దీన్ని దాచలేదు. అయినా నా లెక్కలో దీనికి ఇంకా చోటు ఇవ్వాలి. కింద మగ్గాలు అంత చప్పుడు చేస్తుంటే, వాటికి దూది ఎక్కడిదన్న మాట పైన ఒక మూల చదువుకునేలా ఉండటం నాకు సరిపోలేదు.

ఇక ఆడవాళ్ళు. మా సిరిసిల్లలో సాంచా దగ్గర నిలబడేది మగవాళ్ళు. ఆడవాళ్ళు కండెలు చుడతారు, బీడీలు చుడతారు. అందుకే ఇక్కడి కథ నాకు తలకిందులుగా కనిపించింది. మొదట్లో ఈ మిల్లులు నడిపింది దాదాపు అంతా ఆడపిల్లలే. న్యూ హ్యాంప్‌షైర్, వెర్మాంట్, మెయిన్ రైతుల కూతుళ్ళు, పదిహేను నుంచి ముప్పై లోపు వాళ్ళు. వారానికి సగటున 73 గంటల పని. వేసవిలో తెల్లవారి 5 గంటలకు గేటులోకి వెళ్తే సాయంత్రం 7కు బయటికి, మధ్యలో తినడానికి రెండుసార్లు వదిలేవాళ్ళు. అంతా గంట మోతలే. నేను చూసిన ఆ గోపురం అందుకే కట్టారు. దారం తెగకూడదని కిటికీలు బిగించి గదిలో తేమ ఉండేలా చూసేవాళ్ళు, ఆ తేమలో, ఆ దుమ్ములో రోజంతా నిలబడటం.

వాకిట్లోంచి బయటికి వస్తే ఎదురుగానే వాళ్ళు ఉన్న హాస్టల్ భవనం ఉంది, మోగన్ సెంటర్ అంటారు. దీన్ని వదిలేసి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ, మీరు వెళ్ళకండి. వంటిల్లు, పొడుగాటి భోజనాల బల్ల, పడకగది అప్పటిలా అమర్చారు. ఒక గదిలో నలుగురు, ఆరుగురు. ఒక్కో మంచం మీద ఇద్దరు. వారానికి డాలరుం పావు భోజనం, బస ఖర్చు కింద జీతంలోంచి పట్టుకునేవాళ్ళు. హాస్టల్ నడిపేది సాధారణంగా ఒక వితంతువు. రాత్రి పదింటికి తలుపులు మూసేసేవాళ్ళు, ఆదివారం చర్చికి పోవాల్సిందే. ఇది చదివి మా బిడ్డ "అచ్చం మా ఇంటర్ హాస్టలే అమ్మా" అంది. దాని ఇంటర్ హాస్టల్‌కు మేం కట్టిన ఫీజు గుర్తొచ్చి నేనేం మాట్లాడలేదు.

ఈ పిల్లలు ఊరుకోలేదు. 1834లో కూలి కోస్తామంటే వందల మంది మిల్లులు వదిలి వీధుల్లో ఊరేగింపు తీశారు. 1836లో హాస్టల్ ఖర్చు పెంచితే ఇంకా పెద్ద సమ్మె చేశారు. 1840ల్లో శారా బాగ్లీ అనే నేతకత్తె నాయకత్వంలో ఆడ కార్మికుల సంఘం పెట్టుకుని, రోజుకు పది గంటలే పని కావాలని వేల సంతకాలతో శాసనసభకు అర్జీ పెట్టారు. శాసనసభ కమిటీ విచారణ చేసి, అది తమ పని కాదు పొమ్మంది. ఆడవాళ్ళకు, పిల్లలకు పది గంటల చట్టం ఆ రాష్ట్రంలో 1874లో వచ్చింది, అర్జీ పెట్టిన ముప్పై ఏళ్ళకు. పగలంతా మగ్గం దగ్గర నిలబడి, రాత్రి కూర్చుని కథలు, పద్యాలు రాసి సొంతంగా పత్రిక కూడా నడిపారు. సంతకం పెట్టడం రాక వేలిముద్ర వేసి కూలి తీసుకునే మా వాడ ఆడవాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళకు చెప్పడానికి మాటల్లేక కాదు.

తర్వాత ఐర్లండ్ వాళ్ళు, కెనడా ఫ్రెంచివాళ్ళు, గ్రీకులు, పోలండ్, పోర్చుగల్ వాళ్ళు వచ్చారు. కూలి తక్కువకు ఒప్పుకునేవాళ్ళు వచ్చినకొద్దీ ముందువాళ్ళు వెళ్ళిపోయారు. పై అంతస్తులో వీళ్ళ కథలు కూడా ఉన్నాయి. ఇప్పుడు ఊళ్ళో కంబోడియా వాళ్ళు చాలామంది. భివండిలో మా తెలుగువాళ్ళ వాడ ఎలా ఏర్పడిందో మా బాపు చెప్పిన కథా ఇదే దారిలో నడుస్తుంది, కాబట్టి ఈ భాగం నేను తొందరగానే చూసేశాను.

కాలువల గురించి కూడా చెప్పాలి, ముఖ్యంగా వెంట ఇంజినీరు అల్లుడు ఉంటే. ఊరంతా కలిపి అయిదున్నర మైళ్ళకు పైగా కాలువలు. జేమ్స్ ఫ్రాన్సిస్ అనే ఇంజినీరు ఇక్కడి కాలువల అధికారిగా ఉండి, 1848-49లో ఒక కొత్తరకం నీటి చక్రం తయారుచేశాడు. ఫ్రాన్సిస్ టర్బైన్ అంటే అదే. శ్రీశైలంలో కరెంటు తీసే యంత్రాలు ఆ రకానివే అని మా అల్లుడు చెప్పాడు. ఇదే ఫ్రాన్సిస్ 1850లో కాలువ మీద ఒక పెద్ద చెక్క గేటు కట్టిస్తే, ఇంత గేటు ఎందుకని జనం నవ్వారట. రెండేళ్ళు తిరక్కుండానే 1852 వరదలో ఆ గేటు ఊరిని కాపాడింది. 1936లో మళ్ళీ కాపాడింది. ఇక్కడి యూనివర్సిటీలో ఇంజినీరింగ్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు, అందులో మన తెలుగు పిల్లలు బోలెడంత మంది చదువుతున్నారు. వాళ్ళలో ఎందరు ఈ మ్యూజియంలో అడుగుపెట్టారో కనుక్కోండి. మా పక్కింటి అబ్బాయిని అడిగితే "రోజూ దాని ముందు నుంచే వెళ్తాను ఆంటీ" అన్నాడు.

ఇదంతా చూస్తుంటే వరంగల్ ఆజంజాహి మిల్లు తలపుకు రాకుండా ఉండదు. 1934లో నిజాం కట్టించిన మిల్లు, వేల కుటుంబాలు బతికిన మిల్లు. 2002లో మూసేశారు. తర్వాత ఆ స్థలంలో ప్లాట్లు పడ్డాయి. అందులో పది మగ్గాలు, ఒక గది మిగిలినా చాలేది. అయితే ఇక్కడ కూడా అంతా పచ్చగా లేదు. ఇదే లోవెల్‌లో ఇంకో పెద్ద బట్టల చరిత్ర మ్యూజియం ఉండేది, అది 2016లో మూతపడింది. ఉన్నప్పుడే చూడాలి అని నేను తొందర పెట్టేది అందుకే.

దుకాణం చిన్నదే. కింద మగ్గాల మీద నేసిన బట్టతో చేసిన తువ్వాళ్ళు అమ్ముతారు. చేత్తో పట్టుకుని చూశాను. సాదా నేత, అంచు గట్టిగా ఉంది, పోగు మధ్యరకం. వంటింట్లో చెయ్యి తుడుచుకోవడానికి పనికొస్తుంది, ఎన్ని ఉతుకులకైనా ఆగుతుంది. ధరను రూపాయల్లోకి మార్చకండి, కొనలేరు. నేను మార్చాను, అయినా ఒకటి కొన్నాను. నేసిన చోటే కొన్న బట్ట నాకు ఈ దేశంలో ఇదొక్కటే. మా బిడ్డ ఇంట్లో ఉన్న తువ్వాళ్ళన్నీ ఎక్కడెక్కడివో, కొన్నిటి మీద మేడిన్ ఇండియా అని కూడా ఉంది.

ఇక వెళ్ళేవాళ్ళకు పనికొచ్చేవి. కారు డట్టన్ స్ట్రీట్ పార్కింగ్‌లో పెట్టి, మార్కెట్ స్ట్రీట్‌లో పార్కు సమాచార కేంద్రం చూసుకుని, కాలువ పక్కనే నడుచుకుంటూ పోవచ్చు. పది నిమిషాల నడక, చదునుగానే ఉంటుంది. నడవలేనివాళ్ళను మిల్లు దగ్గరే దింపి కారు పెట్టి రండి. మ్యూజియం టికెట్టు సినిమా టికెట్టు కన్నా తక్కువే. పై అంతస్తుకు లిఫ్టు ఉంది. మగ్గాల గదిలో కూర్చోవడానికి చోటు ఆశించకండి. చెవిలో మిషన్ పెట్టుకునే పెద్దవాళ్ళు లోపలికి పోయే ముందు దాన్ని తీసేయడం మంచిది. చంటిపిల్లలను అక్కడికి తీసుకెళ్ళొద్దు, జడుసుకుంటారు. మా మనవడిని అల్లుడు ఎత్తుకుని బయట కాలువలో బాతులను చూపిస్తూ కూర్చున్నాడు, తర్వాత వంతులు మార్చుకున్నారు. వేసవిలో అయితే కాలువల మీద పడవ ప్రయాణం ఉంటుంది, దానికి ముందే బుక్ చేసుకోవాలి.

తిండికి కంబోడియా హోటళ్ళు బాగుంటాయని అందరూ చెప్తారు, అన్నం దొరుకుతుంది. శాకాహారులు చేపల సాస్ వేస్తారేమో అడిగి మరీ తినాలి. మేం పులిహోర, పెరుగన్నం కట్టుకుపోయాం. హాస్టల్ భవనం పక్కన పార్కులో చెట్ల కింద కూర్చుని తిన్నాం. జూలై చివర్లో ఆ పార్కు చుట్టూ పెద్ద జానపద పండగ జరుగుతుంది. అప్పుడు వెళ్తే పాటలు వినొచ్చు గానీ మ్యూజియం చూడటానికి ఆ రద్దీ మంచిది కాదు.

పూట పడుతుంది. రెండు గంటల్లో తేలిపోతుందని అనుకుని ఆ తర్వాత మాల్‌కు వెళ్దామని ప్లాన్ వేయకండి. చలికాలంలో వేళలు తగ్గిస్తారు కాబట్టి బయలుదేరే ముందు ఫోన్ చేసి, ఆ రోజు మగ్గాలు నడుపుతారా అని తప్పకుండా అడగండి. ఆగిపోయిన మగ్గాలు చూడటానికి అంత దూరం పోనక్కర్లేదు, సిరిసిల్లలో ఆర్డర్లు లేని నెలల్లో ఏ వాడలో చూసినా కనిపిస్తాయి. ఇంకో మాట కూడా అడగండి. పడుగు అయిపోయిన మగ్గానికి కొత్త భీము ఎక్కించి, వేల పోగులు ఒక్కొక్కటిగా అతికే పని ఏ రోజు చేస్తారో కనుక్కోండి. మగ్గం తిరగడం ఎవరైనా చూస్తారు, ఆ పని చూడటం అరుదు. తేదీ తెలిస్తే మా బిడ్డకు చెప్పండి, నేను మళ్ళీ వస్తాను.